దర్గాకు పోతే పుణ్యమా, తప్పా?

పోయిన మొహర్రంలో మా పక్కింటి అత్త నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి పోయి, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉద్యోగం రొట్టె వదిలింది. అంతకుముందు ఏడు కొడుకు కోసం అక్కడే ఆ రొట్టె పట్టుకుంది. పిల్లాడికి ఉద్యోగం వచ్చింది, మొక్కు తీర్చుకుంది. రెండు రోజుల తర్వాత వాకిట్లో నన్ను ఆపి అడిగింది. "నాయనా, మీవాళ్ళే ఒకాయన దర్గాకి పోవడం మీ మతంలో పెద్ద తప్పు అన్నాడు. ఇంకొకామేమో ఏడుసార్లు పోతే హజ్‌కి పోయినంత పుణ్యం అనింది. ఇంతకీ ఏది నిజం?"

"రెండూ కాదత్తా" అన్నాను. కానీ ఆ తర్వాత చెప్పాల్సింది వాకిట్లో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. మా ఇంట్లోనే ఒక మామ ప్రతి గురువారం కసుమూరు దర్గాకు పోయేవాడు. ఇంకో మామ ఆయన తెచ్చిన తబర్రుక్ (దర్గా ప్రసాదం) ముట్టుకునేవాడు కాదు. ఇద్దరూ ఐదు పూటలా నమాజ్ చేసేవాళ్ళే, ఇద్దరి దగ్గరా తమ వైపు చూపించడానికి హదీసులు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు, ఉండేవి. ఆ ఇద్దరి మధ్య పెరిగినవాడిని కాబట్టి ఈ ముడి ఎక్కడ పడిందో కొంత తెలుసు. అత్తకు ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

సమాధి దగ్గరకు పోయి రావడాన్ని అరబ్బీలో జియారత్ అంటారు. చూడబోవడం అని అర్థం. ఎవరింట్లోనైనా కష్టం వచ్చినప్పుడు మనం "ఒకసారి పలకరించి వస్తాం" అంటాం కదా, ఆ మాటకు దగ్గర. ఇస్లాం తొలి రోజుల్లో ప్రవక్త ముహమ్మద్ (స) దీన్ని వద్దన్నారు. అప్పుడప్పుడే విగ్రహారాధన వదిలి వచ్చిన జనం. చనిపోయినవాళ్ళ కోసం గుండెలు బాదుకుని, బట్టలు చింపుకుని ఏడ్చే అలవాటున్న జనం. పాత అలవాట్లు సమాధుల దగ్గర మళ్ళీ మొలకెత్తుతాయని అలా అన్నారని పండితులు వివరిస్తారు. నమ్మకం కుదురుకున్నాక ఆయనే ఆ నిషేధం ఎత్తేశారు. "సమాధులను సందర్శించవద్దని మీకు చెప్పి ఉన్నాను, ఇప్పుడు సందర్శించండి" అన్న మాట సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. ఎందుకో కూడా చెప్పారు: అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయి.

ఆయన స్వయంగా తల్లి ఆమినా సమాధి దగ్గరకు వెళ్ళారు. అక్కడ ఏడ్చారు, చుట్టూ ఉన్నవాళ్ళూ ఏడ్చారు. ఉహుద్ యుద్ధంలో చనిపోయిన డెబ్భై మందిని ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా వెళ్ళి చూశారు. మదీనాలోని జన్నతుల్ బఖీ ఖబరస్తాన్‌కు రాత్రిపూట లేచి వెళ్ళేవారు. కాబట్టి "పోవడమే తప్పు" అని మా అత్తకు చెప్పినాయన మాట నిలవదు. దర్గాలను గట్టిగా వ్యతిరేకించే అహలె హదీస్ వర్గం వాళ్ళు కూడా మామూలు ఖబరస్తాన్‌కు పోవడం సున్నత్ (ప్రవక్త చూపిన పద్ధతి) అనే అంటారు. గొడవ పోవడం గురించి కాదు, పోయి ఏం చేస్తామన్న దాని గురించి.

బఖీకి వెళ్ళినప్పుడు ఏం అనాలో ప్రవక్త నేర్పించిన సలాం ఒకటుంది. "అస్సలాము అలైకుం అహ్‌లద్దియార్" అని మొదలవుతుంది. తెలుగులో చెప్పాలంటే, "ఈ ఇళ్ళలో ఉండే విశ్వాసులారా, ముస్లిములారా, మీకు శాంతి కలుగుగాక. అల్లాహ్ తలిస్తే మేమూ మీ దగ్గరకు వచ్చి చేరేవాళ్ళమే. మాకూ మీకూ క్షేమం ఇవ్వమని అల్లాహ్‌ను అడుగుతున్నాం." సమాధులను ఇళ్ళు అన్నారు. ఇంటికి పోయినవాడు గుమ్మంలో సలాం చెబుతాడు, వీళ్ళకూ అంతే. ఆ సలాంలో చనిపోయినవాళ్ళను అడిగేది ఏమీ లేదు చూడండి. వాళ్ళ కోసం అడుగుతున్నాం, మన కోసం అడుగుతున్నాం, అడిగేది మాత్రం అల్లాహ్‌ను. పలకరింపుకు పోయేవాడు చేతిలో పండ్లో రొట్టెలో పట్టుకుని పోతాడు. ఇక్కడ మనం పట్టుకుపోయేది దువా, అంటే అల్లాహ్‌కు చేసే వేడికోలు. నాకు తెలిసినంతలో జియారత్ మర్యాదలన్నీ ఈ ఒక్క సంగతిలోంచి వచ్చినవే. మనం ఇవ్వడానికి పోతున్నామా, తీసుకోవడానికి పోతున్నామా?

ముందు పుణ్యం సంగతి. జియారత్ వల్ల వచ్చే సవాబ్‌కు (పుణ్యానికి) లెక్కలు కట్టే మాటలు మన వైపు చాలా తిరుగుతాయి. ఏడు దర్గా యాత్రలు ఒక హజ్ అన్నదానికి ఖురాన్‌లోనూ హదీసుల్లోనూ ఆధారం లేదు. హజ్ తాకత్తు ఉన్నవాడికి జీవితంలో ఒకసారి తప్పనిసరి, దానికి బదులు ఇంకేదీ లేదు. తల్లిదండ్రుల సమాధిని ప్రతి శుక్రవారం చూసినవాడి పాపాలు పోతాయన్న హదీసును పండితులు బలహీనం అన్నారు. "నా సమాధిని సందర్శించినవాడికి నా సిఫారసు తప్పదు" అని దారఖుత్నీ సంకలనంలో ఉన్న మాట మీద కూడా పెద్ద చర్చ ఉంది. చాలామంది హదీసు విమర్శకులు దాన్ని బలహీనం అంటారు, కొందరు సమర్థిస్తారు.

గట్టి ఆధారం ఉన్న లెక్క వేరే చోట ఉంది. చనిపోయినవాళ్ళ కోసం చేసే జనాజా నమాజ్‌లో పాల్గొన్నవాడికి ఒక ఖీరాత్, ఖననం అయ్యేదాకా ఉన్నవాడికి రెండు ఖీరాత్‌ల పుణ్యం అని బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. ఖీరాత్ అంటే ఎంత అని అడిగితే, పెద్ద కొండంత అన్నారు. వీధి చివర పేదవాడు ఎవరో చనిపోతే జనాజా (పాడె) మోయడానికి నలుగురు దొరకడమే కష్టంగా ఉంటుంది, ఉరుసుకు మాత్రం బస్సులు చాలవు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

చనిపోయినవాళ్ళకు చేరేవి ఏవో కూడా చెప్పి ఉన్నారు. మనిషి పోయాక అతని పనులన్నీ ఆగిపోతాయి, మూడు తప్ప. ఆగకుండా సాగే దానం, పదిమందికి పనికొచ్చే విద్య, తన కోసం దువా చేసే మంచి సంతానం. సాద్ బిన్ ఉబాదా అనే సహచరుడు తల్లి పోయాక, ఆమె పేరున ఏ దానం మంచిదని ప్రవక్తను అడిగాడు. నీళ్ళు అన్నారు. ఆయన బావి తవ్వించి, ఇది సాద్ తల్లిది అన్నాడు. ఉదయగిరి, కనిగిరి వైపు ఎండాకాలం చూసినవాళ్ళకు ఈ హదీసు వేరే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక సమాధి దగ్గర ఎలా ఉండాలి? కిబ్లా, అంటే నమాజ్‌లో తిరిగే మక్కా దిక్కు, మన ప్రాంతంలో పడమట ఉంటుంది కాబట్టి సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. తల ఉత్తరం, కాళ్ళు దక్షిణం, మొహం పడమటికి. హనఫీ అనే సున్నీ ధర్మశాస్త్ర పద్ధతిలో కాళ్ళ వైపు నుంచి వచ్చి, చనిపోయిన మనిషి మొహానికి ఎదురుగా నిలబడి సలాం చెబుతారు. బతికున్న మనిషి దగ్గరకు వెనకనుంచి పోయి పలకరించం కదా. ఆ తర్వాత ఖురాన్ మొదటి సూరా ఫాతెహా, ఇంకా వచ్చినంత చదివి, దువా చేస్తారు. దువాకు కిబ్లా వైపు తిరగడం మేలని చాలామంది చెబుతారు, ఎవరిని అడుగుతున్నామో చూసేవాళ్ళకు అనుమానం రాకుండా. సమాధి మీద కూర్చోకూడదు. నిప్పు కణిక మీద కూర్చుని బట్టలు కాలి చర్మందాకా పోయినా అంతకంటే నయం అన్నారు. సమాధి వైపు తిరిగి నమాజ్ చేయకూడదు. చెప్పులతో సమాధుల మధ్య నడుస్తున్న ఒకాయన్ను విప్పమన్న హదీసు ఉంది. ముళ్ళు, రాళ్ళు ఉంటే వేసుకోవచ్చని పండితులు వెసులుబాటు ఇచ్చారు. సెల్‌ఫోన్ పెద్దగా మాట్లాడటం, సెల్ఫీలు తీసుకోవడం గురించి పాత పుస్తకాల్లో ఉండదు గానీ, కిందున్నది ఒకరి ఇల్లు అనుకుంటే చాలు.

పూలు వేయవచ్చా అన్నదాని మీద కూడా ఒక కథ ఉంది. ప్రవక్త రెండు సమాధుల పక్కగా పోతూ, లోపల ఇద్దరూ శిక్ష అనుభవిస్తున్నారన్నారు. ఒకడు మూత్రం విషయంలో శుభ్రత పాటించనివాడు, ఇంకొకడు చాడీలు చెప్పినవాడు. పచ్చి ఖర్జూర మట్టను రెండుగా చీల్చి రెండింటి మీదా గుచ్చారు, ఇవి ఎండేదాకా వాళ్ళకు ఉపశమనం దొరకవచ్చని. దీన్ని పట్టుకునే పచ్చి ఆకులు, పూలు వేయవచ్చని కొందరంటారు. అది ప్రవక్తకు మాత్రమే చెల్లిన సంగతి అని ఇంకొందరు అంటారు. ఏ పక్షం వాళ్ళైనా ఆ మట్ట గొప్పవాళ్ళ సమాధి మీద కాదు, తప్పు చేసినవాళ్ళ సమాధి మీద గుచ్చిందన్న సంగతి మరిచిపోతుంటారు. మన పూలన్నీ వలీల (పుణ్యపురుషుల) మీదికే పోతాయి. ఖబరస్తాన్ మూలన తుమ్మకంపల కింద ఉన్నవాళ్ళ మీద ఒక్కటీ పడదు.

ఇప్పుడు అసలు ముడి. అల్లాహ్‌ను అడగడం, ఒక వలీ పేరు చెప్పి అల్లాహ్‌ను అడగడం, వలీనే అడగడం. బయటికి మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. మూడు సందర్భాల్లోనూ మనిషి సమాధి ముందు చేతులెత్తి నిలబడి ఉంటాడు. లోపల మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. మొదటిదాని గురించి పేచీ లేదు. "ఫలానా మంచివాళ్ళ మీద నీకున్న ప్రేమను బట్టి నా మొర ఆలకించు" అని అల్లాహ్‌నే అడగడాన్ని వసీలా అంటారు. సున్నీ పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు, ఇబ్న్ తైమియా వంటి పాతకాలపు పండితులు కాదన్నారు. "బాబా, నాకు బిడ్డనివ్వు" అని సమాధిలోని మనిషినే అడిగితే? అహలె హదీస్ వాళ్ళు దాన్ని నేరుగా షిర్క్ అంటారు, అంటే అల్లాహ్‌కు సాటి కల్పించడం. దేవ్‌బంద్ వర్గం పండితులూ గట్టిగా వద్దంటారు. దర్గాలను సమర్థించే బరేల్వీ వర్గం పండితులు, ఇచ్చేవాడు అల్లాహ్ అన్న నమ్మకం లోపల ఉన్నప్పుడు పెదవి మీది మాటను బట్టి మనిషిని ముష్రిక్ (షిర్క్ చేసినవాడు) అనకూడదంటారు.

బరేల్వీ అంటే దర్గాలో ఏం చేసినా సరే అనేవాళ్ళని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆ వర్గానికి మూలపురుషుడైన అహ్మద్ రజా ఖాన్ (1856-1921) సమాధికి సజ్దా (సాష్టాంగం) చేయడం హరాం (నిషిద్ధం) అని చెప్పడానికే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. సమాధి చుట్టూ ప్రదక్షిణం చేయవద్దన్నారు. ముద్దు పెట్టవద్దు, తాకవద్దు, కనీసం నాలుగు మూరల దూరంలో నిలబడండి అన్నారు. దర్గాను సమర్థించే పక్షంలో అతి పెద్ద పండితుడి మాట ఇది! మా ఇద్దరు మామల వాదన ముప్పై ఏళ్ళు సాగింది. ఈ ఒక్క పుస్తకం మధ్యలో పెట్టి ఉంటే సగం తగ్గి ఉండేదని నాకు అనిపిస్తుంది.

మొక్కు సంగతి కూడా చెప్పాలి. మొక్కును నజర్ అంటారు. ఇస్లాంలో మొక్కు అల్లాహ్ పేరున మాత్రమే కట్టుకోవాలి. కట్టుకుంటే తీర్చాలి. కానీ మొక్కుకోవడాన్ని ప్రవక్త పెద్దగా ప్రోత్సహించలేదు. మొక్కు వల్ల విధి మారదు, పిసినారి దగ్గర నుంచి నాలుగు డబ్బులు బయటికి తీయడానికి పనికొస్తుంది అన్నారు. నాకు ఇది నిండా ఇష్టమైన హదీసు. పని అయితే ఇస్తాననడం బేరం, పేదవాడికి ఇప్పుడే ఇస్తే అది దానం. ఒకసారి ఒక దర్గాలో, పేరు ఎందుకులే, మా చెల్లెలి చేత బలవంతంగా వందల రూపాయలు పెట్టించి సమాధి మీద కప్పే చాదర్ కొనిపించారు. అది లేకపోతే దువా అందదన్నారు. బిడ్డకు జ్వరంతో టెన్షన్‌లో ఉన్న తల్లి ఏం ఎదురు చెబుతుంది? దువా అందడానికి చాదర్ అక్కర్లేదని, ముజావర్ (దర్గా చూసుకునేవాడు) అక్కర్లేదని ఆ రోజు అక్కడ చెప్పేవాళ్ళు లేరు.

మా నెల్లూరు జిల్లాలో మూడు చోట్ల పేర్లు దేశమంతా తెలుసు. వెంకటాచలం మండలంలో కసుమూరు, ఆత్మకూరు దగ్గర ఎ.ఎస్.పేట, నెల్లూరులో బారా షహీద్. బారా షహీద్ అంటే పన్నెండు మంది అమరులు. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగాక మొండాలను గుర్రాలు ఈ చెరువు గట్టుకు మోసుకొచ్చాయని చెప్పుకుంటారు. చాకలి దంపతుల కలలో అమరులు కనపడి, ఆర్కాటు నవాబు భార్య జబ్బుకు సమాధుల దగ్గరి మట్టి రాయమన్నారని, నయమయ్యాక నవాబు వచ్చి మొక్కు తీర్చుకున్నాడని, రొట్టెలు అలా మొదలయ్యాయని కథ. అల్లాహ్ మార్గంలో చంపబడినవాళ్ళను చనిపోయినవాళ్ళు అనకండి, వాళ్ళు బతికే ఉన్నారు, మీకు తెలియడం లేదు అని ఖురాన్ రెండో సూరా 154వ ఆయత్‌లో ఉంది. దర్గాకు పోయేవాళ్ళు దీన్నే చూపిస్తారు. వద్దనేవాళ్ళు, బతికి ఉన్నది వాళ్ళ ప్రభువు దగ్గర, మన పనులు చేసిపెట్టడానికి కాదు అంటారు.

రొట్టె గురించి నేను గమనించింది ఒకటి చెబుతాను. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఏదైనా సమాధికి ఇవ్వరు. నీళ్ళలో నిలబడి, కోరిక తీరిన మనిషి తీరాల్సిన మనిషికి ఇస్తుంది. ఇచ్చేదీ తీసుకునేదీ బతికున్నవాళ్ళే. మతం, కులం అడగరు, పేరు కూడా అడగరు. దీన్ని ఆరాధన అనుకుంటే పండితులు ఒప్పుకోరు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. "నా సమాధిని పండగ చేయకండి" అన్న ప్రవక్త మాట అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది, దాన్ని తేలిగ్గా దాటి పోలేం. కానీ నిరుడు తనకు దొరికింది ఈ ఏడు ఇంకొకరికి అందించడానికి మా అత్త అంత దూరం నీళ్ళలోకి దిగింది. అందులో తప్పు వెతకడానికి నాకు మనసు రాదు.

ఎ.ఎస్.పేటకు మనసు బాగాలేని వాళ్ళను తెచ్చి రోజుల తరబడి దర్గా నిద్ర చేయిస్తారు. దువా చేయించండి, తప్పులేదు. మందు మాత్రం ఆపకండి. "వైద్యం చేయించుకోండి, ముసలితనం తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ పుట్టించలేదు" అని ప్రవక్తే చెప్పారు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో దర్గాకు వచ్చిన రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకలు అంటుకుని 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఏ వలీ సమాధి పక్కనా మనిషికి గొలుసు వేయడం జియారత్ కాదు.

దూరం నుంచి సమాధి కోసమే ప్రయాణం కట్టవచ్చా అన్నది ఇంకో చర్చ. మూడు మసీదులకు తప్ప ప్రయాణం కట్టవద్దన్న హదీసు ఉంది: మక్కా, మదీనా, జెరూసలేం. ఇబ్న్ తైమియా దీన్ని సమాధులకూ వర్తింపజేశారు. ఇది మసీదుల మధ్య పోలిక గురించి చెప్పిన మాటే అని గజాలీ వంటి పండితులు అన్నారు. మతం వేరైనవాళ్ళు రావచ్చా అని కూడా కొందరు నన్ను అడుగుతారు. ఒక యూదుడి జనాజా పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. అది యూదుడిదని పక్కవాళ్ళు అంటే, "అది ప్రాణం కాదా?" అన్నారు. సమాధుల దగ్గర గౌరవంగా ఉండేవాళ్ళు ఎవరైనా రావచ్చని నా నమ్మకం.

మిగిలింది ఆడవాళ్ళ సంగతి. కసుమూరులో ఏ శుక్రవారం చూసినా వాళ్ళే ఎక్కువ. అదే కుటుంబాల్లో ఖబరస్తాన్ గేటు మాత్రం ఆడవాళ్ళు దాటరు. మాటిమాటికీ సమాధుల చుట్టూ తిరిగే స్త్రీలను ప్రవక్త శపించారన్న హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. అహ్మద్ రజా ఖాన్ దాన్ని పట్టుకునే, మదీనాలో ప్రవక్త సమాధికి తప్ప వేరే సమాధులకు స్త్రీలు పోకూడదన్నారు. ఆ మాట అనుమతి ఇవ్వకముందు చెప్పిందని, ఆ తర్వాతి అనుమతి ఆడా మగా అందరికీ అని ఇంకో పక్షం పండితులు అంటారు. వాళ్ళ చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది. సమాధుల దగ్గర ఏమనాలి అని అడిగితే ప్రవక్త ఆ సలాం నేర్పింది తన భార్య ఆయిషాకు (ర). ఆమె తన అన్న అబ్దుర్రహ్మాన్ సమాధికి వెళ్ళింది. ఒకామె సమాధి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ప్రవక్త ఆమెకు అల్లాహ్‌కు భయపడి ఓర్చుకోమన్నారు. లేచి ఇంటికి పొమ్మనలేదు. బొబ్బలు పెట్టి ఏడవకుండా, నిండుగా వెళ్ళి సలాం చెప్పి వచ్చే ఆడమనిషిని ఆపడానికి నాకు కారణం కనిపించదు.

మా అబ్బా (నాన్న) పోయి పదకొండేళ్ళు. అమ్మీ ఆయన ఉన్న ఖబరస్తాన్ దారిన పోయినప్పుడల్లా ఆటో ఆపించి, ప్రహరీ గోడ ఇవతలే నిలబడి సలాం చెప్పేది. జనం సమాధులకు పోయే షబె బరాత్ రాత్రికి, పోయినసారి, రెండు రోజుల ముందు, జనం లేని పొద్దుటి పూట, ఆమెను లోపలికి తీసుకెళ్ళాను. కాళ్ళ వైపు నుంచి నడిపించి పడమటి పక్కన నిలబెట్టాను. చెప్పులు తనే విప్పింది. సలాం చెప్పింది, ఫాతెహా చదివింది, చేతులెత్తి చాలాసేపు దువా చేసింది. ఆ తర్వాత కొంగు సర్దుకుని, మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరిన సంగతి, పిల్లాడు కావలిలో ఉంటాడన్న సంగతి, మెల్లగా ఆయనకు చెప్పింది.